నెగడును కుంపటియు: పుట్టుపూర్వోత్తరములు

గౌతమీ గోదావరి సముద్రమును చేరుచోటికి చేరువనున్న యానాములో చలికాలమున వేకువజామున దుప్పటి కప్పుకొనవలసి వచ్చునే గాని, ఇంటిని వెచ్చబెట్టుటకై గోడలో అగ్నికుండమును, కప్పుమీద పొగగొట్టమును కట్టవలసిన అగత్యము గృహస్థులకు కలుగలేదు. 1723లో ఫరాసులు వర్తకస్థానము నెలకొల్పినప్పుడు వారి స్వదేశమున అట్టి కుండములే ఇంటికి ప్రాణముగా నుండగా, ఈ తీరమున వెచ్చదనమును వీధిలో నెగడును, ఇంట కుంపటియు ఒసగుచుండెను.

వీనిలో నెగడు అతిప్రాచీనము. అప్పటి మహబూబునగరం జిల్లా ఉట్నూరులో 1957లో ఆల్చిన్ అను పురాతత్త్వవేత్త త్రవ్వించిన బూడిదదిబ్బ, క్రీ.పూ. మూడవ సహస్రాబ్దినాటి పశుపాలకుల దొడ్లలో పేరుకొనిన పేడ మాటిమాటికి కాలగా ఏర్పడినదని తేలినది. ఆ మంటలకును నేటి పండుగ మంటలకును సంబంధము ఉండవచ్చునని ఆయన తలపోసెను. భోగినాటి వేకువను పిల్లలు పిడకల దండలను మంటలో వేయుటను చూచినవారికి ఆ తలపు నిరాధారమని తోచదు.

కుంపటి చరిత్ర గృహిణుల చేతిలోనిది. మట్టి కుంపటి అడుగున బూడిద పరచి, దానిపై బొగ్గులు పేర్చి, పొయ్యిలోని నిప్పుకను నడుమ నుంచి, పెరటిలో విసనకర్రతో విసరుచుండగా, మొదట పొగయు, పిమ్మట బొగ్గుల నడుమ నీలి జ్వాలయు లేచును; ఆపై నిప్పు ఎఱ్ఱబారి, నివురుగప్పిన తరువాతనే దానిని బాలింత గదిలోనికి తెచ్చెడివారు. దానిపై చల్లిన సాంబ్రాణి పరిమళము, శిశువు పాదములకు కాచిన అరచేతి వెచ్చన, మోకాళ్ళు పట్టివేసిన వృద్ధులకు కలుగు ఉపశమనము మరువదగినవి కావు.

అయినను ఆ నీలి జ్వాలలో కాలునది కార్బన్ మోనాక్సైడను విషవాయువు. కాలక మిగిలినది రంగును వాసనయు లేక గదిలో నిండును. పొగ లేదు గనుక అపాయము లేదనుకొనుటయే అపాయము. అది రక్తమునందలి ప్రాణవాయువు స్థానమును ఆక్రమించునని ఫరాసు శాస్త్రజ్ఞుడు క్లాడ్ బెర్నార్డ్ పందొమ్మిదవ శతాబ్దమున నిరూపించెను. ఆ దేశపు మహారచయిత ఎమిల్ జోలా 1902లో పారిస్ నగరమున తన పడకగదిలోనే, పొగగొట్టము సరిగా పనిచేయక, ఈ వాయువునకే బలియయ్యెను. పొగగొట్టమున్న ఇంటనే ఇట్లయినచో, గాలి తగులరాదని తలుపులు కిటికీలు బిగించి, చెవులలో దూదిపెట్టి, మంచముక్రింద కుంపటి నుంచు పురిటి గదుల మాట వేరుగ చెప్పవలెనా? చలిగాలినుండి తల్లిని కాపాడవలెనను వాత్సల్యమే ఊపిరికి వలసిన గాలిని ఆపివేయును. తాటాకు ఇండ్లలో ఎగసిన ఒక్క నిప్పురవ్వ వీథినెల్ల దగ్ధము చేయగలదనుట సరేసరి.

అట్లని నిప్పును విడనాడుమని నేననను. మన వాతావరణము నిప్పును ఆరుబయట అనుభవించు భాగ్యమును మనకొసగినది. నెగడు వీధిలో వెలుగుగాక, కుంపటి వసారాలో నుండుగాక; గదిలోనికి తేక తప్పనినాడు కిటికీ తెరచియుంచి, నిదురించుటకు ముందే దానిని వెలుపలకు చేర్చవలెను. బాలింతకును బిడ్డకును వెచ్చదనము దుప్పటితోను, తల్లి ఒడితోను సమకూరును. ఊపిరికి మాత్రము మారుసాధనము లేదు.