వానాకాలపు యాత్ర – ఆగుటయు యాత్రయే



ఆషాఢ మేఘములు నిర్మల్ కొండలపై కమ్ముకొనగానే మన ఇండ్లలో ఒక ముచ్చట మొదలగును. పిల్లలకు సెలవులు ఎప్పుడు? మోకాళ్ళ నొప్పులతో నాయనమ్మ అంతసేపు బండిలో కూర్చొనగలదా? బాసర ముందా, ధర్మపురి ముందా? పోవుదారిలో కుంతల జలపాతము చూచి రావచ్చునా? వాన పట్టినచో రాత్రికి ఎక్కడ దిగవలెను? ఇవి కేవలము నేటి ప్రశ్నలు కావు. కారు లేని కాలమున, రైలు లేని కాలమున, రోడ్డే లేని కాలమున మన పూర్వులు ఈ ప్రశ్నలనే వేసికొని, వానికి సమాధానములను ఆచారరూపమున మనకు విడిచిపోయినారు. ఆ సమాధానముల చరిత్రను మీ ముందుంచదలచినాము.

మొదట మన నేలను చూతము. ఉత్తర తెలంగాణమున పాత కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలకు నడుమ గోదావరి ఎల్లగా నిలిచినది. 2016 అక్టోబరు 11న ఈ జిల్లాలు అనేకముగా విభజింపబడినను, కొండలు, నదులు ఎక్కడివక్కడనే యున్నవి. నదికి ఉత్తరమున సహ్యాద్రి శాఖలైన కొండలు. వాని నుండి దిగివచ్చు స్వర్ణ, కడెం వాగులు. ఉత్తరపుటెల్లన పెన్‌గంగ. అది వార్ధాలో కలియును. వార్ధా, వైన్‌గంగలు కలిసి ప్రాణహితయై కాళేశ్వరమున గోదావరిని చేరును. దక్షిణమున మానేరు. ఇన్ని నీళ్ళ నడుమ మన క్షేత్రములు వెలసినవి. బాసరలో జ్ఞానసరస్వతి, ధర్మపురిలో నరసింహుడు, కాళేశ్వరమున ఒకే పానవట్టముపై కాళేశ్వర ముక్తేశ్వరులు – అందరును గోదావరి తీరవాసులే. కావున మన ప్రాంతమున యాత్ర యనగా కొండ దిగి, వాగు దాటి, నది చేరుట. వాన కురిసినప్పుడు ఈ మూడును కష్టతరములగును.

మరి వానాకాలమున యాత్ర చేయవలెనా, మానవలెనా? ఈ ప్రశ్నకు ఆదికావ్యమే మొదటి సమాధానము చెప్పుచున్నది. సీతాన్వేషణము కంటె తొందరపెట్టు కార్యము శ్రీరామచంద్రునకు వేరొకటి యుండునా? అయినను సుగ్రీవ పట్టాభిషేకానంతరము వానలు మొదలు కాగా, ఆ స్వామి లక్ష్మణ సమేతుడై ప్రస్రవణగిరి గుహలో వర్షాకాలము గడిపినాడని కిష్కింధాకాండ తెలుపుచున్నది. శక్తి లేక ఆగినవాడు కాడు, కాలమెరిగి ఆగినవాడు. ఆయన దుఃఖపడినాడు, నిరీక్షించినాడు, కాని వరదకెదురు నడవలేదు.

ఈ వివేకమే నియమమై చాతుర్మాస్యమని పేరొందినది. సంవత్సరమంతయు సంచరించు యతులు ఆషాఢ పూర్ణిమ నాడు వ్యాసపూజ చేసి ఒకచోట నిలిచెదరు. వ్యాసభగవానుడు తపమాచరించిన చోటని పెద్దలు చెప్పుకొను బాసర మన గోదావరి ఒడ్డుననే యున్నది. నడకయే జీవితమైన వారికి నిలుకడను విధించుట విశేషము. మొలకెత్తు గడ్డి, వెలువడు పురుగు కాళ్ళ క్రింద నలుగరాదను కరుణ యొక కారణము. పొంగిన వాగు ప్రాణము తీయకూడదను జాగ్రత్త మరొకటి.

ఈ నియమము ఒక్క మార్గము వారిది మాత్రమే కాదు. బౌద్ధ భిక్షువులకు వర్షావాసము కలదు. జైన మునులకును చాతుర్మాస్యము కలదు. మన ధూళికట్టలో శాతవాహన కాలపు బౌద్ధస్తూపము బయల్పడినది. కురిక్యాల బొమ్మలగుట్టపై పదవ శతాబ్దమున పంపకవి సోదరుడు జినవల్లభుడు వేయించిన శాసనమున తెలుగు కందపద్యములు కలవు. ఆరాధించిన రూపములు వేరైనను, ఈ నేలపై తిరిగిన సాధువులందరును వాన మాట విన్నవారే.

అయితే గృహస్థుల సంగతి వేరు. వారికి నాలుగు నెలలు కదలకుండుట సాధ్యము కాదు. అంతకు మించి, మన మహాపర్వమే వానలలో వచ్చును. బృహస్పతి సింహరాశిలో ప్రవేశించినప్పుడు గోదావరికి పుష్కరము. గడచిన పుష్కరములను గుర్తు చేసికొనుడు: 1991లో ఆగస్టు, 2003లో జులై ఆగస్టులు, 2015లో జులై 14 నుండి 25 వరకు. అన్నియు వాన దినములే. యతికి ఆగుమన్న ధర్మమే గృహస్థును రమ్మని పిలుచుచున్నది! ఈ రెంటిని సమన్వయించుటకే మన పూర్వులు ప్రయాణ సన్నాహమును ఒక విద్యగా చేసికొనిరి.

ఆ విద్యకు మన భాషలో గొప్ప సాక్ష్యము ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర. వీరాస్వామయ్యగారు చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో దుబాసీ ఉద్యోగము చేసిన పెద్దమనిషి. 1830 మే 18న కుటుంబముతోడను, నూరు మందికి పైబడిన పరివారముతోడను చెన్నపట్టణము విడిచి, 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరుకొన్నారు. హైదరాబాదు దాటిన పిదప ఆయన నాగపూరునకు పోయిన దారి మన నిర్మల్, ఆదిలాబాదుల మీదుగానే సాగినది. నెలలు లెక్కించి చూచినచో అది వానాకాలపు నడిమి భాగము. పల్లకీలు మోయు బోయీలు, స్త్రీలు, వృద్ధులు, వంటవారు, సామానుల మోతగాండ్రు – ఇందరిని వెంటబెట్టుకొని గోదావరి దాటి, అడవి కొండల నెక్కి దిగుట ఎట్టిదో ఊహించుడు.

ఆయన ఎట్లు సాధించినారు? ఆయన పుస్తకము చదివినవారికి ఒక సంగతి స్పష్టమగును. ఆయన దేవాలయములను వర్ణించినంత శ్రద్ధతో మజిలీలను వర్ణించినారు. ఈ ఊరికి ఆ ఊరికి ఎంత దూరము, దారి మెత్తని నల్లరేగడా రాతి నేలయా, నీరు మంచిదా, అంగళ్ళు కలవా, దిగుటకు చోటున్నదా – ఇవన్నియు ఓపికగా వ్రాసి, మిత్రులు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళగారికి పంపినారు. వీరాస్వామయ్యగారు 1836లో పరమపదించగా, పిళ్ళగారు 1838లో ఆ రచనను అచ్చు వేయించినారు. తన వెనుక వచ్చువాడు ఎక్కడ ఆగవలెనో చెప్పుట కూడ పుణ్యకార్యమని ఆ మహనీయుడు భావించినట్లు మాకు తోచుచున్నది.

ఇక పల్లెల మాట. సామాన్య కుటుంబములు కచ్చురమని పిలుచుకొను గూడుబండ్లు కట్టుకొని క్షేత్రములకు పోయెడివి. అటుకులు, పేలాలు, సత్తుపిండి మూటలు; తలపై గొంగడి కొప్పెర; బండి వెనుక ఎడ్లకు మేత. ఒంటరి బండి పోవుట అరుదు. నాలుగైదు బండ్లు కలిసి కదలెడివి. వాగు పొంగినచో ఒడ్డుననే ఎడ్లను విప్పి, పొయ్యి వెలిగించి, నీరు తగ్గువరకు కూర్చుండెడివారు. రాత్రి తగ్గనిచో ఆ రాత్రి అచ్చటనే భజన. అందుకెవరును నొచ్చుకొన్నవారు కారు. ఒక పూట, ఒక దినము వాగుకు విడిచిపెట్టుట వారి లెక్కలో ముందే యుండెడిది.

ఆదిలాబాదు కొండలలోని గోండు సోదరుల క్యాలెండరు ఇంకను సూక్ష్మమైనది. దండారి బృందములు ఊరూరు తిరుగుట వానలు వెనుకబట్టిన పిదప, దీపావళి దినములలో. అప్పుడే వారు కుటుంబములతో గోదావరి ఒడ్డున గుడిరేవులోని పద్మల్‌పురి కాకో సన్నిధికి వచ్చెదరు. కేస్లాపూరు నాగోబా జాతర పుష్య మాసపు అమావాస్యకు. ఆ జాతరకు ముందు మెస్రం వంశీయులు కాలినడకన పోయి హస్తినమడుగున గోదావరి జలము తెచ్చెదరు. దారిలో విడుదులు, విడిది చెట్లు తరతరములుగా నిర్ణీతములు. నది శాంతించిన పిదప నదిని దర్శించుట, ఎక్కడ ఆగవలెనో బయలుదేరక ముందే ఎరుగుట – ఇంతకు మించిన ప్రణాళిక ఏ కార్యాలయము వేయగలదు?

తరువాత కాలము మారినది. 1929 నాటికి కాజీపేట బల్లార్షా మార్గము పూర్తియై, మదరాసు ఢిల్లీల రైలు మన రామగుండము, మంచిర్యాలల మీదుగా నడిచినది. 1932లో నిజాము ప్రభుత్వము 27 బస్సులతో రోడ్డు రవాణాను ఆరంభించినది. నిర్మల్ దాటి కొండనెక్కు మహబూబ్ ఘాటు మలుపులు ఎందరో యాత్రికులకు తొలి కొండదారిగా గుర్తుండిపోయినవి. ఇప్పుడు నాలుగు వరుసల జాతీయ రహదారి వచ్చినది. నెలల ప్రయాణము గంటలలోనికి దిగినది. నడువలేని వృద్ధులు సైతము స్వామిని దర్శించుకొనుచున్నారు. ఇది నిజముగా ఆనందింపదగిన మార్పు.

కాని దారి వేగము పెరిగినంత మాత్రమున వాగు స్వభావము మారలేదు. 2022 జులైలో కడెం ప్రాజెక్టుకు 5 లక్షల క్యూసెక్కులకు పైబడి వరద వచ్చినది. దాని విడుదల సామర్థ్యము సుమారు 3 లక్షలు మాత్రమే. ఉన్న 18 ద్వారములలో 17 తెరచినను నీరు కట్ట మీదుగా పొర్లినది. దిగువ గ్రామముల ప్రజలు రాత్రికి రాత్రి ఇండ్లు విడిచినారు. అదే నెల 16న భద్రాచలము వద్ద గోదావరి 71.3 అడుగులు తాకినది. 2023 జులై 27న మోరంచవాగు పొంగి మోరంచపల్లి గ్రామమును ముంచగా, ఇండ్ల కప్పులెక్కిన ప్రజలను హెలికాప్టర్లతో, పడవలతో కాపాడవలసివచ్చినది. అయినను కొందరు ప్రాణములు కోల్పోయినారు. ఆ ఊరు పరకాల నుండి భూపాలపల్లి మీదుగా కాళేశ్వరమునకు పోవు దారిలోనిదే.

ధర్మపురికి వచ్చినవారికి యమపురి లేదని మన ప్రాంతపు సామెత. ఆ క్షేత్రమున యమధర్మరాజునకును గుడి కలదు. సామెత సత్యమే. కాని అది ధర్మపురి చేరినవారి కొరకు చెప్పినది. దారిలో వాగును ధిక్కరించువారి కొరకు కాదు. దర్శనపు టికెట్టు తీసికొన్నామనియో, రేపు ఉద్యోగమునకు పోవలెననియో పొంగిన కాజ్‌వేపై కారు నడుపుట భక్తి కానేరదు. ఆ కారులో చంటిబిడ్డ యున్నది; మందు వేళ దాటిన ముదుసలి యున్నది. వారు దారిని ఎన్నుకొనలేదు, మనము ఎన్నుకొన్నాము. రెండడుగుల లోతున వడిగా పారు నీరు కారును తేల్చి త్రోయగలదు. నడిపించువాని ధైర్యము అక్కడ ఎందుకును కొరగాదు.

కావున పూర్వుల పద్ధతినే నేటి భాషలో చెప్పుకొందము. మొదటిది: ఇంటిలో అందరికంటె బలహీనుని ఓపికనే దినపు ప్రయాణమునకు కొలతగా పెట్టుకొనుడు. రెండవది: రెండు దినముల యాత్రకు మూడు దినములు కేటాయించుడు, ఆ మూడవ దినము వానదేవునిది. మూడవది: బయలుదేరక ముందే సత్రము, బంధువుల ఇల్లు, పెద్ద ఊరు – ఎక్కడెక్కడ ఆగవచ్చునో వ్రాసికొనుడు. నాలుగవది: మన తలపై ఆకాశము నిర్మలముగా నున్నను నది పొంగవచ్చునని మరువకుడు, మహారాష్ట్రలో కురిసిన వాన మనకు మరునాడో ఆ మరునాడో వరదగా వచ్చును. స్థానికులు వద్దన్నచో వారి మాటయే శాసనము. అయిదవది: కుంతల వద్ద కడెం నీరు సుమారు 45 మీటర్ల ఎత్తు నుండి దుముకును, అచ్చట సోమేశ్వరస్వామి కొలువై యున్నాడు. దూరము నుండి చేతులు జోడించుడు, తడిరాళ్ళపై దిగకుడు. ఆరవది: సంధ్య వాలిన పిదప వానలో ఘాటు మార్గమున పోక, మజిలీ చేయుడు.

2027లో గోదావరి పుష్కరము మరల వచ్చుచున్నది. ఈసారియు వాన దినములలోనే. లక్షలాది కుటుంబములు మన క్షేత్రములకు కదలును. పుష్కరము పండ్రెండు దినములు. మొదటి దినమే మునుగవలెనను తొందర అక్కర లేదు. గంగమ్మ ఆ పండ్రెండు దినములును అచ్చటనే యుండును.

ఒకవేళ వాగు దాటలేక మీరు నడిమి ఊరిలో ఆగిపోయినారనుకొనుడు. యాత్ర చెడిపోయినదని బాధపడకుడు. ఆ ఊరి గుడిలో దీపము పెట్టుడు, పిల్లలకు ప్రస్రవణగిరిపై రాముడు ఆగిన కథ చెప్పుడు, ముదుసలికి వేడినీళ్ళు కాచి ఇండు. ఆగిన ఆ రాత్రియు మీ యాత్రలోని దినమే. స్వామి తన వాకిట చేరినవారిని మాత్రమే కాక, తన కొరకు దారిలో వేచియున్న వారిని కూడ చూచుచున్నాడు.

శుభమస్తు.