తాళం ఎవరూ పగలగొట్టలేదు

కంప్యూటరు ముందు కూర్చోగానే పేరు, సంకేతపదం ఇవ్వడం నేడు నిత్యకృత్యం. ఈ తాళం రహస్యాలను దాచడానికే పుట్టిందని సాధారణంగా అనుకుంటాము. నిజానికి అది ఉమ్మడి కాపురంలో పుట్టింది.

1961 నవంబరులో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కొర్బాటో బృందం సి.టి.ఎస్.ఎస్. అనే వ్యవస్థను ప్రదర్శించింది. ఒకే యంత్రాన్ని పలువురు ఏకకాలంలో వాడుకొనే ఏర్పాటది. ఎవరి ఫైళ్ళు వారివి, ఎవరి సమయం వారిది. ఈ వాటాలను కాపాడటానికి సంకేతపదం అవసరమయింది.

1962లో అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థికి వారానికి కేటాయించిన 4 గంటలు చాలలేదు. సంకేతపదాల ఫైలును అచ్చువేయమని కోరుతూ ఒక పంచ్ కార్డు సమర్పించాడు. యంత్రం వినయంగా అచ్చువేసి ఇచ్చింది!

1966లో దొంగ కూడా లేడు. ఒక నిర్వాహకుడు స్వాగత సందేశాన్ని, మరొకరు సంకేతపదాల ఫైలును ఒకే వేళ దిద్దుతున్నారు. ఎడిటరు సృష్టించే తాత్కాలిక ఫైళ్ళ పేర్లు ఒకటే కావడంతో రెండూ తారుమారయ్యాయి. ఆపై లోపలికి వచ్చిన ప్రతివారికీ స్వాగతంగా అందరి సంకేతపదాలూ దర్శనమిచ్చాయి.

ఈ అనుభవాలు వృథా పోలేదు. సంకేతపదాన్ని ఉన్నదున్నట్లు దాచరాదని, తిరిగి విప్పరాని రూపంలోకి మార్చి, దానికి కొంత యాదృచ్ఛికతను జోడించాలని యూనిక్స్ నిర్మాతలలో ఒకరైన కెన్ థాంప్సన్, రాబర్ట్ మోరిస్‌తో కలిసి 1979లో వివరించాడు. ఫైలు యజమాని, అతని బృందం, ఇతరులు. వీరిలో ఎవరు చదవవచ్చు, ఎవరు వ్రాయవచ్చు, ఎవరు నడపవచ్చు అన్న యూనిక్స్ విభజన నేటికీ చెక్కుచెదరలేదు.

వేల యంత్రాలను ఒక్కటిగా కూర్చే హడూప్ 2006లో ఆరంభమయింది. దాని ఫైలు వ్యవస్థ కూడా తరువాత ఇదే విభజనను స్వీకరించింది. కానీ తొలినాళ్ళలో, వచ్చినవాడు ఏ పేరు చెబితే ఆ పేరునే నమ్మేది. తలుపుకు తాళమున్నది, ద్వారపాలకుడు మాత్రం అమాయకుడు! ఆ లోటు తీర్చడానికి కెర్బెరోస్‌ను తెచ్చారు. అదీ ఎం.ఐ.టి. బిడ్డే, అక్కడ 1983లో మొదలయిన అథీనా ప్రాజెక్టులో రూపొందింది. గ్రీకు పురాణాలలో పాతాళద్వారాన్ని కాచే శునకం పేరది.

గమనించారా? ఈ కథలో ఎక్కడా తాళం పగలలేదు. మొదటిసారి వ్యవస్థ అడిగినవాడికి ఇచ్చింది, రెండవసారి అడగనివారికీ ఇచ్చింది, మూడవసారి పేరు విని నమ్మింది. ఉద్యోగం విడిచి వెళ్ళినవారి ఖాతా తెరిచే ఉండటం, ఒక్కరోజు పనికై ఇచ్చిన అనుమతి ఏళ్ళ తరబడి కొనసాగడం కూడా ఈ కోవలోనివే. అనుమతి ఇవ్వడం ఒక్క క్షణం పని. ఎవరికి, ఎందుకు ఇచ్చామో గుర్తుంచుకొని తిరిగి తీసుకోవడమే అసలైన కాపలా.