అదనపు మరణాలు (మహమ్మారి కాలం)

మామూలు రోజుల్లో సంభవించే మరణాలకన్నా మహమ్మారి కాలంలో ఎన్ని ఎక్కువయ్యాయో తెలిపే సంఖ్యను అదనపు మరణాలు అంటారు. పరీక్ష జరగని కోవిడ్ మరణాలు, ఆస్పత్రిలో పడక దొరకక ఇతర జబ్బులతో పోయినవారు కూడా ఈ లెక్కలోకి వస్తారు.

గణన: మునుపటి కొన్నేళ్ల నమోదులనుబట్టి, జనాభా పెరుగుదలను చూసుకుని, నెలవారీ అంచనా వేస్తారు. నమోదైన మరణాల నుంచి దాన్ని తీసివేస్తారు. భారత్‌లో 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం దీనికి ఆధారం.

హైదరాబాద్: గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్‌ఎంసీ) మరణ నమోదులను ‘ది హిందూ’ పత్రిక 2021లో విశ్లేషించింది. 2020 ఏప్రిల్ నుంచి 2021 మే వరకు నగరంలో సుమారు 32,700 అదనపు మరణాలు తేలాయి. ఇది తెలంగాణ మొత్తానికి అప్పటికి అధికారికంగా ప్రకటించిన కోవిడ్ మరణాలకు దాదాపు పది రెట్లు.

పరిమితులు: మరణం జరిగిన చోటే నమోదవుతుంది. అప్పట్లో జీహెచ్‌ఎంసీ వెలుపల ఉన్న నారపల్లి వాసి నగరంలోని గాంధీ ఆస్పత్రిలో మరణిస్తే అది నగరం లెక్కలో చేరేది. నమోదు శాతం పెరిగినా అదనం పెరిగినట్లు కనిపిస్తుంది.

జాతీయ అంచనా: 2020–21లో భారత్‌లో సుమారు 47 లక్షల అదనపు మరణాలు సంభవించాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మేలో ప్రకటించింది. అధికారిక కోవిడ్ లెక్క 4.8 లక్షలు. గణన పద్ధతిపై కేంద్ర ప్రభుత్వం అభ్యంతరం తెలిపింది.

ప్రాముఖ్యం: మృతుల కుటుంబాలకు 50,000 రూపాయల సాయం అందాలంటే కోవిడ్ మరణంగా గుర్తింపు తప్పనిసరిగా ఉండేది. అందుకే ప్రతి మరణాన్నీ, దాని కారణాన్నీ సరిగా నమోదు చేయడం ప్రజారోగ్య వ్యవస్థ కనీస బాధ్యత.