బ్లోయర్ హోరు

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి డెల్టాలో వరిసాగు విస్తరించింది. వడ్లు మాత్రం చాలాకాలం రోకటిపోటుకే బియ్యమయ్యాయి. తర్వాత ఆయిల్ ఇంజన్లతో వడ్లు ఆడే హల్లర్లు వచ్చాయి. 1958 చట్టంతో కొత్త మిల్లుకు అనుమతి, లైసెన్సు తప్పనిసరయ్యాయి. కాలక్రమంలో రబ్బరు రోళ్ల షెల్లర్లు, ఊకను గాలితో వేరుచేసే బ్లోయర్లు చేరాయి.

మండపేట, తాడేపల్లిగూడెం మిల్లుల్లో చెవులు దిబ్బళ్లు వేయించే మోతలో ఈ బ్లోయర్ల వాటా పెద్దదే. ఇలా దుమ్మును గాలితో లాగి, గాలిని సుడి తిప్పే సైక్లోన్ గొట్టంలో వేరుచేసే పద్ధతి వడ్రంగి షెడ్డు వాక్యూమ్‌లోనూ ఉంది. వాక్యూమ్ యంత్రాల జాతికి గోల పుట్టుకతోనే వచ్చింది: 1901లో లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ తయారుచేసిన వాక్యూమ్ యంత్రం వీధిలో గుర్రాలను బెదరగొట్టేదట!

మోత తగ్గించే ఉపాయం వేగంలోనే ఉంది. బ్లోయర్‌లోని ఫ్యాను వేగం సగం చేస్తే శబ్దం సుమారు 15 డెసిబెల్స్ పడిపోతుంది. కానీ గాలీ సగమవుతుంది. అందుకే పెద్ద చక్రాన్ని నెమ్మదిగా తిప్పడమే మేలైన బేరం. ఫ్యానుకూ రేకు గొట్టానికీ మధ్య కాన్వాసు ముక్క బిగిస్తే కంపనం అంతగా పాకదు.

2000 నాటి శబ్ద నియంత్రణ నిబంధనలు రాత్రిపూట పారిశ్రామిక ప్రాంతానికి 70, నివాస ప్రాంతానికి 45 డెసిబెల్స్ హద్దు పెట్టాయి. మిల్లు గోడను ఆనుకుని ఇళ్లు లేచిన చోట ఈ రెండంకెలకూ పొత్తు కుదరదు.