చూరు కింద గాలి

ఉత్తరాంధ్రలో ఇప్పుడు ఏ ఊరికెళ్లినా ఇళ్ల పక్కన విడిగా ఓ రేకుల షెడ్డు కనిపిస్తుంది. మూడు వైపులా గోడలు, ముందు షట్టరు, పైన రేకులు. అందులో మోటారు సైకిలో ఆటోనో ఉంటుంది. ఓ మూల ధాన్యం బస్తాలు, ఇంకో మూల ఎరువు. వైశాఖంలో మిట్టమధ్యాహ్నం లోపల నిలబడితే నడినెత్తి మాడిపోతుంది. అదే షెడ్డులో పుష్యమాసం తెల్లవారుజామున రేకు లోపలివైపు నీటిబొట్లు పట్టి బండి సీటు మీద, బస్తాల మీద టపటపా రాలుతుంటాయి. ఇంత చిన్న కట్టడాన్ని ఇంత చెడ్డగా కట్టడం మనకి కొత్తగా అబ్బిన విద్య. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పశువుల సాలలు, గాదెలు, వంటపాకలు ఇంటికి ఎడంగా కట్టుకోవడం తాతల నాటి పద్ధతి. వాటికి ఫ్యాను అవసరం లేదు. గాలి, నీడ చూసుకుని కట్టేవారు.

ఆ కట్టుబడి సంగతి తెలియాలంటే చుట్టిల్లు చూడాలి. విశాఖ నుంచి ఇచ్ఛాపురం దాకా తీరం వెంట ఇది ఒకప్పుడు మామూలు ఇల్లు. గుండ్రటి మందపాటి మట్టిగోడ, దాని మీద నిటారుగా పైకి లేచిన తాటాకు కప్పు. చూరు ఎంత కిందికి దిగుతుందంటే లోపలికి వెళ్లే మనిషి నడుం వంచాల్సిందే. దాంతో ఎండ గోడని తాకదు, వాన మట్టిని కోయదు. అసలు తెలివి మాత్రం బయటికి కనిపించదు. గది నెత్తిన కర్రలు పరిచి, మట్టి మెత్తి అటక కడతారు. తాటాకు కప్పు దానికి పైన ఎక్కడో ఉంటుంది. అంటే గదికి రెండు కప్పులు, నడుమ గాలి. ఎండ పై కప్పుని కాలిస్తే ఆ వేడి మధ్యలోని గాలి దాటి, మట్టి అటక దాటి కిందికి దిగేసరికి పొద్దు వాలిపోతుంది. పొయ్యి పొగ తాటాకు సందుల్లోంచి మెల్లగా పోతూ పురుగుని కూడా తరిమేది. కప్పుకి నిప్పంటుకున్నా, మట్టి అటక కింద సామానుకి కొంత రక్షణ దొరికేది.

గుండ్రటి ఇల్లు ఈ నేలకి ఎంత పాతదో లెక్క తేల్చడం కష్టం. తాటాకు, మట్టి శతాబ్దాలు నిలవవు మరి. రాయి మాత్రం కొంత చెబుతుంది. ఏలూరు జిల్లా గుంటుపల్లిలో కొండని తొలిచిన గుండ్రటి చైత్యం ఉంది. క్రీస్తుకి పూర్వపు పని. తలెత్తి చూస్తే లోకప్పు రాతిలో వాసాలు, వాటిని పట్టి ఉంచే అడ్డ కర్రలు చెక్కి ఉంటాయి. రాతికి వాసాలతో పనేముంది? ఆ శిల్పి కళ్ల ముందున్న పాకనే కొండలో దించాడు. మన శ్రీకాకుళం జిల్లాలోనే, వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద గుండ్రటి ఇటుక చైత్యాల అడుగుభాగాలున్నాయి. 1919లో ఆ శిథిలాలని లోకానికి చూపించింది వాడుక భాష కోసం పోరాడిన మన గిడుగు రామమూర్తి పంతులుగారే.

ఇక తాటాకు చోటికి వచ్చిన రేకు కథ లండన్ రేవులో మొదలైంది. 1829లో హెన్రీ పామర్ అనే ఇంజినీరు ఇనప రేకుని అలలు అలలుగా మడిచే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. మడత పెట్టాక పలచటి రేకు కూడా దూలాలు పెద్దగా లేకుండానే నిలబడింది. దాంతో వేసిన తొలి కప్పు రేవులోని ఓ సరుకుల షెడ్డుదే. 1837లో ఫ్రాన్సులో సోరెల్ జింకు పూత పద్ధతి తెచ్చాక తుప్పు బెడద తగ్గింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆస్ట్రియాలో హాచెక్ సిమెంటులో ఆస్బెస్టాస్ పోగులు కలిపి రేకులు తీశాడు. మన దగ్గర సిమెంటు రేకులని పిలిచేవి అవే.

తాటాకు పోయి రేకు రావడం మన జనం అవివేకమని నేను అనను. రెండు మూడేళ్లకోసారి కప్పు నేయాలి, నేసేవాళ్లు కరువయ్యారు. ఎండాకాలం ఒక్క నిప్పురవ్వకి వీధికి వీధి బూడిదయ్యేది. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వచ్చాక పక్కా ఇల్లంటే పూరిల్లు కానిదనే అర్థం స్థిరపడింది. పక్కా ఇంట్లో ఉండాలన్న ఆశ తప్పెలా అవుతుంది? పొరపాటు ఎక్కడంటే, కప్పు మార్చినప్పుడు కింద ఉన్న గాలిని కూడా తీసేశాం. అరమిల్లీమీటరు ఇనప రేకుకి వేడిని ఆపే శక్తి లేదు. రాత్రి నిర్మలమైన ఆకాశం కింద అది చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది. మట్టినేల నుంచి లేచిన తేమ పోయే దారిలేక ఆ రేకుకే పట్టి నీరవుతుంది. చలిదేశాల్లో గ్యారేజీ గోడల నిండా గాజుపీచు కూరుతారు, లోపలి వెచ్చదనం పోకుండా. మనం గోడల మీద డబ్బు పోయక్కర్లేదు. మన బాధంతా కప్పుతోనే.

షెడ్డులో గాలికి దారి పెట్టాలంటే తుపానుని మరిచిపోకూడదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకి 140 నుంచి 150 కిలోమీటర్లు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. అంతటి గాలిలో షట్టరు ఊడిందంటే లోపల గాలి ఉబ్బి రేకుని కిందనుంచి తోస్తుంది, పైన పరుగెత్తే గాలి దాన్ని ఎత్తి లాగుతుంది. చుట్టింటికి మూలలు లేవు కాబట్టి గాలి పక్కలనుంచి జారిపోయేది. చదరపు షెడ్డుకి ఆ వెసులుబాటు లేదు, అంచుల్లో హుక్కులు దగ్గరదగ్గరగా వేయాల్సిందే.

గాలి సందు రేకు కిందే, ఎదురెదురు గోడల నెత్తిన, జానెడు ఎత్తున వదలాలి. ఎలుక, పిట్ట దూరకుండా జాలీ, వాన జల్లు కొట్టకుండా మూరెడు చూరు. నీడ వైపు గోడ అడుగున మరో రెండు కంతలుంటే చల్లగాలి కింద దూరి, వేడి గాలి పైనుంచి పోతుంది. రేకుకి జానెడు కింద సిమెంటు బోర్డుతో అటక వేసి దాని చివర్లు తెరిచి ఉంచితే చుట్టింటి పద్ధతే తిరిగొచ్చినట్టు. వెదురు తడిక చౌక, కానీ పెట్రోలు బండి నిలిపే చోట తడికా వద్దు, థర్మాకోలూ వద్దు. డబ్బు లేకపోతే రేకు మీద తెల్ల సున్నం కొట్టండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానం తెచ్చింది; ఎండని తిప్పికొట్టే తెల్లని పూతలకి అందులో చోటుంది. నేల అడుగెత్తు లేపి, కాంక్రీటు కింద ప్లాస్టిక్ పట్టా పరిస్తే తేమ సమస్య సగం తీరుతుంది. ధాన్యం నిల్వ పెట్టేవాళ్లు తేమ 14 శాతం దాటకుండా ఎండబెట్టి, బస్తాలు చెక్కల మీద, గోడకి ఎడంగా పేర్చుకోవాలి.

పాత సిమెంటు రేకుల షెడ్డున్నవాళ్లకి ఒక్క మాట. గాలి కోసమని ఆ రేకులకి కంతలు పెట్టకండి, కోయకండి, పగలగొట్టకండి. అన్ని రకాల ఆస్బెస్టాసూ క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. సందు తీయాలంటే గోడలోనే తీయండి.