పట్టాలు తిన్న అడవి

గండిపేట, మొయినాబాద్, చేవెళ్ల వాళ్లకు దగ్గరి రైలు స్టేషన్లలో ఒకటి శంకర్‌పల్లి. సాలార్‌జంగ్ దివానుగా ఉన్న కాలంలో, 1874లో, వాడి నుంచి సికింద్రాబాద్‌కు నిజాం సర్కారు సొమ్ముతో పడ్డ లైను ఈ ఊరి మీదుగానే పోతుంది. దూరం సుమారు 120 మైళ్లు. ఆ రోజుల లెక్కన మైలు పట్టా కింద 1,760 దాకా స్లీపర్ చెక్కలు పరచాలి. ఇంతపాటి లైనును మొత్తం కర్ర మీదే నిలబెట్టాలంటే 2 లక్షలకు పైగా చెక్కలు కావాలి. అదీ ఒక్కసారి కొని ఊరుకుంటే సరిపోదు. ఎండకు పగిలి, వానకు నాని, చెద పట్టి పాడైన చెక్కను తీసి కొత్తది వేస్తూనే ఉండాలి. రైలు ఉన్నన్నాళ్లూ అడవికి ఆ బాకీ తీరదు.

బీజాపూర్ రోడ్డు వెంట చేవెళ్ల దాకా బారులు తీరిన మర్రిమానుల జోలికి ఆ బాకీ రాలేదు. మర్రి నీడకు పెట్టింది పేరు గానీ పట్టాల బరువు మోయడానికి పనికిరాదు. రైలు కంపెనీలు వెతికింది టేకును, మధ్య భారతంలోని సాలను, హిమాలయాల దేవదారును. మందు పూయకుండానే చెదకు ఎదురు నిలిచే కలపల్లో ముందువరసవి ఇవే.

ఈ దేశంలో తొలి ప్రయాణికుల రైలు బొంబాయి నుంచి ఠాణాకు 1853లో నడిచింది. రెండేళ్లు తిరిగాక, 1855లో, గవర్నర్ జనరల్ డల్హౌసీ అడవుల మీద ప్రభుత్వ విధానం ప్రకటించాడు. 1856లో మద్రాసు రాజధానికి హ్యూ క్లెగ్‌హార్న్ అటవీ సంరక్షకుడయ్యాడు. 1864లో జర్మన్ దేశస్థుడు డీట్రిచ్ బ్రాండిస్ దేశం మొత్తానికి అడవుల పెద్ద అధికారిగా వచ్చాడు. మరుసటి ఏడే తొలి అటవీ చట్టం, 1878లో అంతకంటే కఠినమైనది, 1882లో మద్రాసుకు వేరే చట్టం వచ్చాయి. రైలు తేదీలూ అటవీ చట్టాల తేదీలూ ఇలా ఒకదాని వెంట ఒకటి నడవడం కాకతాళీయం కాదు. పట్టాల కింద చెక్కతో పాటు, బొగ్గు దొరకని దక్షిణాదిన తొలినాళ్లలో ఇంజన్ పొయ్యిలోకీ కట్టెలే వెళ్లేవి. కాంట్రాక్టర్లు దొరికిన మానునల్లా పడగొడుతుంటే, రేపటి చెక్క కోసం ఈ రోజే కంచె కట్టాలని సర్కారుకు తోచింది. ‘రిజర్వు అడవి’ పుట్టుకలో చెట్టు మీద ప్రేమ ఎంతో చెప్పలేం గానీ, రైలు అవసరం మాత్రం నిండుగా ఉంది.

అదే కాలంలో అమెరికాలో రైలు ఏకంగా అడవిలోకే వెళ్లింది. మిషిగన్‌లో కలప వ్యాపారం చేసే ఎఫ్రాయిమ్ షే, వంకరటింకర పట్టాల మీదా నిట్టనిలువు ఎత్తుల మీదా మెల్లగా పాకగలిగే గేర్ల ఇంజన్‌ను తయారుచేసి 1881లో పేటెంటు పొందాడు. దాంతో కొండల్లోకి తాత్కాలిక పట్టాలు పరచడం, చుట్టూ ఉన్న మానులు నరకడం, పట్టాలు పీకి పక్క లోయలో వేయడం కంపెనీలకు అలవాటైంది. రంపపు మిల్లు చుట్టూ ఊరు వెలిసేది. ఇళ్లూ అంగడీ బడీ అన్నీ కంపెనీవే. అడవి అయిపోగానే ఊరూ అయిపోయేది. అలా పేరు మాత్రమే మిగిలిన కలప పట్టణాలు ఆ దేశంలో కోకొల్లలు.

మన దక్షిణాదిన ఆ పద్ధతికి మంచి ఉదాహరణ కొచ్చిన్ సంస్థానంలో ఉంది. పరంబికుళం టేకును చాలకుడికి దించడానికి 20వ శతాబ్దం తొలి పదేళ్లలో సుమారు 80 కిలోమీటర్ల అటవీ ట్రామ్ వేశారు. నిటారు వాలుల దగ్గర ఇంజన్‌తో పని లేదు. దుంగలు నింపుకుని దిగే బండ్ల బరువే, తాడు రెండో కొసన కట్టిన ఖాళీ బండ్లను పైకి లాగేది. 1963లో దాన్ని మూసేశారు.

తెలుగునేలలో ఆ చాకిరీ చాలాకాలం గోదావరి చేసింది. ఏజెన్సీ కొండల వెదురు, కలప తెప్పలుగా కట్టుకుని పాపికొండల నడుమగా రాజమండ్రి రేవుకు దిగేవి. పచ్చి టేకు నీళ్లలో మునుగుతుంది. అందుకే బర్మాలో మొదలు చుట్టూ బెరడు గీసి, చెట్టును నిలువునా ఎండనిచ్చాకే కొట్టేవారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి డెల్టా కాలువలు వచ్చాక తెప్పలకు ఊళ్లలోకి దారి దొరికింది. ఏటి దారికి ఖర్చు తక్కువే. కానీ వరద రావాలి, ఏరు కనికరించాలి.

గోదావరి పైభాగాన నిజాం టేకు అడవులకు ఏటి కనికరంతో పనిలేని దారి 1920లలో దొరికింది. కాజీపేట నుంచి బల్లార్షాకు దశలవారీగా లైను పడింది. 1929 నాటికి గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ ఈ దారినే పోసాగింది. అమెరికాలో అడవి రైలు చేసిన పనిని ఇక్కడ మెయిన్ లైనే చేసిపెట్టింది. మంచిర్యాల, బెల్లంపల్లి, ఆసిఫాబాద్ రోడ్, సిర్పూర్ స్టేషన్ల పేర్లు కలప వ్యాపారుల నోళ్లలో నలిగాయి. కూపు (నరకడానికి కేటాయించిన అడవి ముక్క) వేలం పాడుకున్న కాంట్రాక్టరు నరికించిన దుంగలు ఎడ్లబండ్ల మీద స్టేషన్ డిపోకు చేరి వ్యాగన్లెక్కేవి.

వ్యాగన్లు కలపతో వెళ్లాయి. వచ్చే రైళ్లు మనుషుల్ని తెచ్చాయి. మైదానాల నుంచి రైతులు, వడ్డీ వ్యాపారులు వచ్చారు. ఒకవైపు రిజర్వు గీతలు, మరోవైపు కొత్తవాళ్ల భూమి పట్టాలు. ఆ రెంటి మధ్య పోడు కొట్టుకుని, ఊరు మార్చుకుంటూ బతికే గోండులకూ కొలాములకూ కాలు మోపే చోటు తగ్గింది. గోండు నాయకుడు కుమురం భీం పోరాటం వెనక ఉన్నది ఈ గోసే. 1940లో జోడేఘాట్‌లో భీం తుపాకులకు బలయ్యాక, కారణాలు తెలుసుకోమని నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్‌ను పంపింది. రైలు, రిజర్వు, భూముల కబ్జా ఒకే కథలోని మూడు పాత్రలని ఆయన రాతలు చదివితే తెలుస్తుంది.

సరిగ్గా ఆ ఏళ్లలోనే, ఆ లైను పక్కనే, తెలుగునాట అచ్చమైన మిల్లు పట్టణం ఒకటి పుట్టింది. పెద్దవాగు దగ్గర కొత్తపేట అనే పల్లెలో 1938లో సిర్పూర్ పేపర్ మిల్లుకు శ్రీకారం చుట్టారు. 1942లో కాగితం బయటికొచ్చింది. చోటు ఎంపికలో పొరపాటేమీ లేదు: చుట్టూ వెదురు అడవి, పక్కన వాగు నీరు, అదే లైను మీద బెల్లంపల్లి బొగ్గు, గుమ్మం ముందు రైలు. కొత్తపేట కాగజ్‌నగర్ అయింది. క్వార్టర్లు, బడి, ఆసుపత్రి, షిఫ్టు సైరన్‌తో లేచే సంసారాలు మొదలయ్యాయి. తర్వాత మిల్లు బిర్లాల చేతికి వెళ్లింది. దేశం నలుమూలల నుంచీ కూలీలు, మెకానిక్కులు, గుమాస్తాలు వచ్చి స్థిరపడ్డారు. గోండు పల్లెల నడుమ నాలుగైదు భాషలు వినిపించే బజారు లేచింది.

2014లో మిల్లు మూతపడింది. అమెరికా కలప ఊళ్ల గతే దీనికీ పడుతుందని అనుకునేలా నాలుగేళ్లు గడిచాయి. జీతాల్లేక కుటుంబాలు వలసపోయాయి. 2018లో జేకే పేపర్ కొనుక్కున్నాక యంత్రాలు మళ్లీ తిరిగాయి.

ఆ నాలుగేళ్ల మూతకు కారణం అడవి అయిపోవడం కాదు. మిల్లు అప్పులూ నష్టాలూ. కలప విషయంలో కాగితం పరిశ్రమ అప్పటికే దారి మార్చుకుంది. 1980 అటవీ సంరక్షణ చట్టం అడవి భూములకు అడ్డుకట్ట వేసింది. పరిశ్రమలు తమ కలపను రైతుల దగ్గరే పండించుకోవాలని 1988 అటవీ విధానం చెప్పింది. దాంతో నీలగిరి, సుబాబుల్ పొలాల్లోకి వచ్చాయి. భద్రాచలం దగ్గర సారపాకలో 1970ల చివర మొదలైన మిల్లు రైతులకు మేలురకం నీలగిరి మొక్కలిచ్చి మరీ పెంచించింది. రైళ్ల కింద కూడా చెక్క పోయి కాంక్రీటు స్లీపర్లు వచ్చాయి.

ఈ కథలో లైను నిలిచింది. మిల్లూ ఊరూ పడి లేచాయి. అందరికంటే ముందు నుంచీ అక్కడున్న వాళ్ల వంతే చివరికి వచ్చింది. వెదురు మీద గిరిజనులకు హక్కుందని 2006 అటవీ హక్కుల చట్టం ఒప్పుకుంది. అడవి బయట పెరిగిన వెదురు చెట్ల జాబితాలోకి రాదని పాత అటవీ చట్టాన్ని సవరించడానికి 2017 దాకా పట్టింది. కాగజ్‌నగర్ చరిత్రను మిల్లు గేటు దగ్గర మొదలుపెడితే అది 1938 నాటి మాట. పట్టాల దగ్గర మొదలుపెడితే మాత్రం, ఆ మిల్లు కంటే ముందే బాకీపడ్డ వాళ్లెవరో కూడా అందులో రాయాల్సి వస్తుంది.