పిడికెడు బియ్యం కుండ, జీతం లేని దొరలు

సావనీరు కమిటీ వారు "మన ప్రాంత చరిత్ర మీద ఏదైనా రాయండి మాస్టారూ" అని ఫోను చేసినప్పుడు చక్కెర ఫ్యాక్టరీ గురించి రాద్దామనుకున్నాను. ఆ పని ఇంకొకరు చేస్తున్నారట. మంచిదే అయింది. ఎన్నో ఏళ్ళుగా రాయాలనుకుని వాయిదా వేస్తున్న సంగతి ఒకటి నా దగ్గర ఉండిపోయింది. అది మా మామ్మ వంటింట్లో ఉండే ఒక కుండతో మొదలవుతుంది.

నాతో చదివిన వాళ్ళలో మా పేటకు వచ్చినవాళ్ళకు ఆ కుండ గుర్తుండే ఉంటుంది. పొయ్యి పక్కన గూట్లో, మూకుడు బోర్లించి ఉండేది. పొద్దునా సాయంత్రం ఎసట్లో బియ్యం వేసే ముందు మామ్మ ఒక పిడికెడు తీసి అందులో పోసేది. ఆదివారం ఆ బియ్యాన్ని గుడ్డలో మూటగట్టి గుడికి పట్టుకెళ్ళేది. అయ్యగారి ఇంట్లో పొయ్యి వెలిగేది ఎక్కువగా ఇలాంటి మూటలతోనే. ఇంట్లో బియ్యం నిండుకున్న రోజున కూడా మామ్మ ఆ కుండ జోలికి పోయేది కాదు. "అది ఆయనది రా అబ్బాయ్. మనది ఆయన చూసుకుంటాడు" అనేది. ఆకలి మీదున్న పిల్లాడికి ఆ మాట ఎంత కోపం తెప్పిస్తుందో చెప్పక్కర్లేదు.

ఈ నమ్మకం మన డెల్టాకు ఎలా వచ్చిందో తెలుసుకోవాలని చరిత్ర ఎం.ఏ. చదివే రోజుల్లో పాత పుస్తకాలు తిరగేశాను. వెతుకుతూ పోతే దారి ఒక పళ్ళ డాక్టరు దగ్గర తేలింది.

ఆయన పేరు ఆంథొనీ నారిస్ గ్రోవ్స్, ఇంగ్లండులోని ఎక్సెటర్లో బాగా సంపాదించిన దంతవైద్యుడు. విశ్వాసి కూడబెట్టుకోకూడదని, ఉన్నది ఇచ్చేసి దేవుని మీద ఆధారపడాలని 1825లో ఒక చిన్న పుస్తకం రాశాడు. రాసి ఊరుకోలేదు. ఏ మిషన్ సంఘం జీతమూ లేకుండా 1829లో కుటుంబంతో బాగ్దాదు వెళ్ళాడు. 1831లో అక్కడ ప్లేగు వచ్చి భార్య చనిపోయింది. 1833లో మన దేశం వచ్చి తిరిగాడు. బ్రిస్టల్లో అనాథ శరణాలయాలు నడిపిన జార్జి ముల్లర్ ఆయన చెల్లెలి భర్త. ఎవరినీ చందా అడగకుండా, ప్రార్థన మాత్రమే చేస్తూ వేలమంది పిల్లల్ని పెంచాడని మన గుడుల్లో ఇప్పటికీ చెప్పుకునే ముల్లర్ ఆయనే.

గ్రోవ్స్ మళ్ళీ ఇంగ్లండు వెళ్ళి 1836లో తిరిగొచ్చేటప్పుడు బార్న్‌స్టేపుల్ అనే ఊరి నుంచి రెండు జంటలను వెంటబెట్టుకొచ్చాడు. విలియం బౌడెన్ రాళ్ళు చెక్కే మేస్త్రీ. జార్జి బీర్ చెప్పులు కుట్టేవాడు. ఈ వివరం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మన ఊళ్ళలో దొర అంటే గుర్రమూ, బంగళా, బంట్రోతూ. ఈ ఇద్దరు దొరలేమో చేతివృత్తుల వాళ్ళు, అందులో ఒకరు తోలు పని చేసేవాడు! ఆ రోజుల్లో మన పేటల్లో ఆ సంగతి విన్నవాళ్ళు ఏమనుకుని ఉంటారో!

వాళ్ళు ముందు మచిలీపట్నం చేరారు. అక్కడ తెలుగు నేర్చుకుని, తర్వాత నర్సాపురం, పాలకొల్లు వైపు వెళ్ళి స్థిరపడ్డారు. గోదావరి డెల్టా మిషన్ అలా పుట్టింది. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట కట్టిస్తున్న కాలంలో వేలాది కూలీల మధ్యకు వెళ్ళి వీళ్ళు వాక్యం చెప్పారు. నెల తిరిగేసరికి జీతం రాదు. ఓడ మీద ఉత్తరం వస్తే, ఆ ఉత్తరంలో ఏమన్నా ఉంటే, అప్పుడు డబ్బు. బీర్ 1853లో పోయాడు. బౌడెన్ 1876 దాకా ఉన్నాడు.

ఇక్కడ నా వృత్తి నన్ను ఊరికే ఉండనివ్వదు. "ఏ ఆధారమూ లేకుండా" అని భక్తి పుస్తకాలు రాస్తాయి. ఆధారం ఉంది. ముల్లర్ 1834లో పెట్టిన సంస్థ ఇలా జీతం లేకుండా పనిచేసే మిషనరీలకు డబ్బు పంపేది. ఇంగ్లండులో పేరు తెలియని పనిమనుషులు, చిన్న కొట్లవాళ్ళు పంపిన నాణేలు అవి. అలాగని వాళ్ళ నమ్మకాన్ని తక్కువ చేయలేను. ఆ ఉత్తరం వస్తుందని చెప్పే కాగితమేదీ వాళ్ళ చేతిలో లేదు.

నమ్మినా చేయి కాలినవాళ్ళూ ఉన్నారు. గ్రోవ్సే చిత్తూరులో సొంత కష్టంతో బతుకుతూ సువార్త చెప్పాలని పొలం చేశాడు, పట్టుపురుగులు పెంచాడు. పురుగులు చచ్చి నష్టం మిగిలింది. (ఆయన కొడుకులు తర్వాత శ్రీరంగపట్నం దగ్గర పాలహళ్ళిలో చక్కెర ఫ్యాక్టరీ నడిపారు. ఉయ్యూరు వాడిని కాబట్టి ఈ మాట చెప్పకుండా ఉండలేకపోయాను.) ఇంకా దగ్గరివాడు థామస్ గాబ్రియేలు, మన తెలుగువాడే. టెలిగ్రాఫు శాఖలో సర్కారు ఉద్యోగం వదిలేసి కాకినాడలో సొంతంగా బాప్టిస్టు పని మొదలుపెట్టాడు. మనుషులు చేరారు, అప్పులూ చేరాయి. చివరికి కెనడా బాప్టిస్టులను వచ్చి అందుకోమని బతిమాలాడు. జాన్ మెక్‌లారిన్ 1874 మార్చిలో కాకినాడ వచ్చాడు. 1875 వచ్చీ రాగానే గాబ్రియేలు కన్నుమూశాడు. ఆ కెనడా మిషనే తర్వాత మన ఉయ్యూరుకు వచ్చింది. మనలో చాలామంది ఎరిగిన మిషన్ ఆసుపత్రి వాళ్ళదే. దానికి మూలమైన మనిషి దిగులుతో, అప్పులతో పోయాడని మా గుడిలో ఎవరూ చెప్పగా నేను వినలేదు. చెప్పాల్సిందని నా ఉద్దేశం.

ఒంగోలు క్లౌ దొర దారి వేరు. 1876–78 కరువులో ఆయన ప్రార్థనతో సరిపెట్టుకోలేదు. బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి ఇప్పించాడు. అన్నం కోసం మతం పుచ్చుకున్నారనే మాట రాకుండా కరువు సాగినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. నేను క్లాసులో ఈ పాఠం చెప్పినప్పుడల్లా పిల్లలు సంఖ్య రాసుకునేవారు. కాంట్రాక్టు సంగతి రాసుకోమని నేను పట్టుబట్టేవాణ్ణి.

ఇదంతా తర్వాత చదువుకున్నది. అసలు ప్రశ్న నాకు 1977లో, మన బడిలో చదువుతుండగానే వచ్చింది.

నవంబరు 19, శనివారం. ఆ రాత్రి గాలి మీకూ గుర్తుండే ఉంటుంది. మన ఊళ్ళో చెట్లు పడ్డాయి, పాకలు ఎగిరాయి. దివిసీమలో ఉప్పెన ఊళ్ళను ఊడ్చుకుపోయింది. సర్కారు లెక్కలోనే దాదాపు 10,000 మంది. మచిలీపట్నంలో 1864 నవంబరు 1 ఉప్పెనకు ముప్పై వేల మంది పోయారని మా సోషలు మాస్టారు అంతకుముందు పాఠంలో చెప్పారు. అప్పుడది మాకు అంకె మాత్రమే. మామ్మ చెల్లెలు కుటుంబం సముద్రం దగ్గర ఊళ్ళో ఉండేది. నాన్న మూడో రోజు వెళ్ళి, నాలుగు రోజులకు వచ్చి, అరుగు మీద కూర్చుని తల ఊపాడు. అంతే.

బడి తెరిచాక మాస్టార్లు మమ్మల్ని జట్లుగా వీధుల్లోకి పంపారు. పాత బట్టలు, బియ్యం పోగుచేశాం. మా జట్టు మా ఇంటికీ వచ్చింది. నాతో పాటు వచ్చిన ముగ్గురు ఈ సావనీరు చదువుతారు, వాళ్ళకు తెలుసు. మామ్మ గూట్లోంచి కుండ దించి మా గోనెలో బోర్లించింది. అడుగున అంటుకున్న గింజలు కూడా వేలితో గీకి వేసింది. ఆ ఆదివారం గుడికి మూట లేకుండానే వెళ్ళింది.

ఆ రాత్రి నేను ఆగలేక అడిగేశాను. "ఆయన చూసుకుంటాడన్నావుగా మామ్మా. చిన్నమామ్మను ఎందుకు చూసుకోలేదు?"

అమ్మ నా నెత్తి మీద ఒకటేసింది. మామ్మ మాత్రం ఏమీ అనలేదు. చాలాసేపటికి, "నాకూ తెలీదు నాయనా" అంది. వాక్యం ఎత్తి చెప్పలేదు. ప్రతి దానికీ ఒక వాక్యం ఎత్తి చెప్పే మనిషి ఆవిడ.

తర్వాత కుండ ఖాళీగానే ఉంది. క్రిస్మసు వెళ్ళింది, సంక్రాంతి వెళ్ళింది. అయ్యగారు ఒకసారి ఇంటికొచ్చి ప్రార్థన చేసి వెళ్ళారు, కుండ ఊసెత్తలేదు. ఆయన తెలివైనవాడని ఇప్పుడు అనిపిస్తుంది. మార్చిలో ఒక పొద్దున, పరీక్షలకు చదువుకుంటూ వంటింటి గడప మీద కూర్చున్నాను. మామ్మ బియ్యం చేటలో పోసింది, రాళ్ళు ఏరింది. ఎసరు మరుగుతోంది. పిడికెడు తీసి చేతిలో పట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత మూకుడు తీసింది. ఖాళీ కుండలో గింజలు పడిన చప్పుడు విని నేను తలెత్తాను. "చదువుకో" అంది.